ముందు మాత్రలు, తర్వాత పరీక్ష

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. వయసు 29, పెళ్లయి రెండేళ్లు, ఐటీ కంపెనీలో రాత్రి షిఫ్టు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. ఏడాదిన్నరగా జిమ్‌కు వెళ్తున్నారు. బెంచ్ ప్రెస్‌లో ఎత్తే బరువు పెరిగింది కానీ అద్దంలో తేడా లేదు, పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. తనతో పాటు చేరిన స్నేహితుడు మాత్రం ఆరు నెలల్లో గుర్తుపట్టలేనట్టు మారిపోయాడు.

జిమ్ ట్రైనర్‌ను ఈయన ‘అన్న’ అనే పిలుస్తారు. ఆ అన్న మొదట ‘స్ట్రెంత్ ట్యాబ్లెట్లు’ అంటూ లేబుల్ లేని డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. రోజుకు రెండు చొప్పున నెల రోజులు వేసుకున్నారు. బరువులు తేలిగ్గా లేచాయి, మూడు కిలోలు పెరిగారు, షర్టు చేతులు బిగుతయ్యాయి. అప్పుడు ట్రైనర్ రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. షిఫ్టు దిగి, కాసేపు పడుకుని లేచి, భోంచేసి, సాయంత్రం 4 గంటలకు ల్యాబుకు వెళ్లారు. టెస్టోస్టిరాన్ 212 వచ్చింది. 300 పైన ఉండాలని రిపోర్టు మీదే ఉంది. ‘‘చూశావా, నీకు హార్మోనే లో. ఇలా ఎన్నేళ్లు కొట్టినా బాడీ రాదు. 12 వారాల హార్మోన్ సూదుల కోర్సు వేద్దాం’’ అన్నాడు ట్రైనర్. మొత్తం 40 వేలు, అందులో సగం కట్టేశారు. ఇంతలో ఎడమ చనుమొన కింద చిన్న గడ్డలాంటిది తగులుతోంది, నొక్కితే నొప్పి. భార్యకు ఇవేవీ చెప్పలేదు. వచ్చే ఏడాదికి బిడ్డ కావాలని ఇద్దరూ అనుకుంటున్నారు, ఈయన అమ్మగారు నెలనెలా ఆరా తీస్తున్నారు. ‘‘నాకు నిజంగానే హార్మోన్ తక్కువా? ఒక్క కోర్సుతో అంత నష్టం ఏముంటుంది?’’ అన్నది ప్రశ్న. చివర్లో ఇంకో మాట: పీసీఓడీ ఉన్న చెల్లెలు కూడా అదే జిమ్‌కు వస్తోందట, ఆమెకు ‘లేడీస్ డోసు’ ఇస్తానంటున్నాడట ఆ ట్రైనర్.

సమాధానం:

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది 212 దగ్గర కాదు, దానికి ముందు వాక్యం దగ్గర. నెల రోజులు మాత్రలు వేసుకున్నారు, ఆ తర్వాత పరీక్ష చేయించుకున్నారు. ఆ వరుసలో చేస్తే నిక్షేపంలా ఉన్న మనిషికి కూడా తక్కువే రావచ్చు. కాబట్టి మీకు లోపం ఉందనడానికి ఆ కాగితం సాక్ష్యం కాదు. లోపం ముందే ఉందో, మాత్రలే తెచ్చిపెట్టాయో దాన్నిబట్టి తేల్చలేం.

ఎలాగో చెబుతాను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు హార్మోన్లు విడుదల చేస్తుంది. ఎల్‌హెచ్ అందితే వృషణాలు టెస్టోస్టిరాన్ తయారు చేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీకి కావాలి. రక్తంలో మగ హార్మోన్ దండిగా ఉందనిపిస్తే పిట్యూటరీ ఈ రెండింటినీ తగ్గించేస్తుంది. అది ఒంట్లో తయారైందా, సూదిలోంచి వచ్చిందా, మాత్రలోంచి వచ్చిందా అన్న తేడా దానికి తెలియదు. రోజూ కర్రీ పాయింట్ నుంచి కూర వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? జిమ్ముల్లో డీబాల్ అనే మిథాన్‌డైనోన్, విన్‌స్ట్రాల్ అనే స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు చేసేది ఇదే. పైగా ఇవి టెస్టోస్టిరాన్‌ను పోలినవే గానీ టెస్టోస్టిరాన్ కావు. అందుకే ఇవి ఒంట్లో తిరుగుతున్నా పరీక్షలో ఆ లెక్కకు రావు. రిపోర్టులో కనిపించేది మీ సొంత హార్మోన్ పడిపోయిన సంగతి ఒక్కటే.

లేబుల్ లేని డబ్బాలో ఫలానాది ఉందని ఉత్తరం చదివి తేల్చలేం. కానీ నెలలోనే మూడు కిలోలు పెరగడం, బరువులు ఉన్నట్టుండి తేలికవడం, చనుమొన కింద గడ్డ, ఈ మూడూ కలిస్తే ఓరల్ స్టెరాయిడ్ మీదకే అనుమానం పోతుంది. ఆ మూడు కిలోల్లో చాలా భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూనీరే. నెల రోజుల్లో ఎవరికీ మూడు కిలోల కండ రాదు. గడ్డ సంగతికొస్తే, కొన్ని స్టెరాయిడ్లు ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారతాయి, అది రొమ్ము కణజాలాన్ని పెంచుతుంది. గైనకోమాస్టియా అంటారు. కొత్తగా వచ్చినప్పుడు, కారణాన్ని తీసేస్తే, చాలావరకు తగ్గుతుంది. ఏడాది దాటి గట్టిపడిందంటే ఆపరేషనే దిక్కు. మీది ఇంకా మొదటి దశలోనే ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి.

మాత్రల మాట పక్కన పెట్టినా, పరీక్ష చేసిన సమయమే తప్పు. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగుతుంది. 30ల్లో ఉన్న మగవాళ్లలో 8 గంటలకు ఉన్నదానికంటే సాయంత్రం 4 గంటలకు 20 నుంచి 25 శాతం తక్కువ ఉంటుంది. తిన్నాక ఇంకొంచెం తగ్గుతుంది. నిద్ర చాలకపోతే మరీను. 2011లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. మీరు రాత్రి షిఫ్టు చేసి, పగలు కాసేపు పడుకుని, అన్నం తిని, సాయంత్రం రక్తం ఇచ్చారు. తక్కువ రావడానికి ఉన్న కారణాలన్నీ ఒక్క రోజునే కూడగట్టారు!

అందుకని ముందు చేయాల్సింది: ఆ డబ్బా పట్టుకుని రెండు మూడు రోజుల్లో ఎండోక్రైనాలజిస్టును కలవండి. విశాఖలో కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. మాత్రలు ఇంకా వేసుకుంటుంటే, సొంతంగా ఆపేసి ఊరుకోమని నేను అనకపోవడానికి కారణం ఉంది. ఇలాంటి పేరులేని బలం మాత్రల్లో డెక్సామెథసోన్ లాంటి వేరే రకం స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అది నెల రోజులు వాడి టక్కున ఆపేస్తే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం రావచ్చు. ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రెండు రోజులు కూడా ఆగకండి, అది కాలేయం దెబ్బతింటున్న గుర్తు. లివర్ టెస్ట్ చేసేటప్పుడు బరువులు ఎత్తుతానని చెప్పండి. కండరాల శ్రమ వల్ల కూడా అందులో ఒకటి రెండు అంకెలు పెరుగుతాయి, డాక్టరు దాన్ని వేరుచేసి చూస్తారు.

మాత్రలు ఆగి కొన్ని వారాలు గడిచాక, వరుసగా కొన్ని రాత్రులు నిద్రపోయిన సెలవు రోజుల్లో, పొద్దున పరగడుపున టెస్టోస్టిరాన్ మళ్లీ చూపించుకోండి. ఒక్కసారి కాదు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు. దానితో పాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎస్‌హెచ్‌బీజీ కూడా. ఒళ్లు చేసినవాళ్లలో, టెస్టోస్టిరాన్‌ను రక్తంలో మోసే ఈ ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తక్కువగా ఉండి, మొత్తం టెస్టోస్టిరాన్ తక్కువ చూపిస్తుంది. ఒంటికి అందే ఫ్రీ టెస్టోస్టిరాన్ మాత్రం బాగానే ఉండొచ్చు. బిడ్డ గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి వీర్య పరీక్ష కూడా చేయించండి.

ఇక కోర్సు. అది పనిచేయదని చెప్పి మిమ్మల్ని భయపెట్టను, పనిచేస్తుంది. 1996లో అమెరికాలో జరిగిన పేరున్న ప్రయోగం ఒకటుంది. బరువులెత్తిన అనుభవం ఉన్న 43 మందిని తీసుకుని, కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి సూది 10 వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి సూదితో వ్యాయామం చేసినవాళ్లకు కొవ్వు కాని బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. మందు, వ్యాయామం రెండూ ఉన్నవాళ్లకు 6 కిలోలు. మందు తీసుకుని బరువులు ముట్టుకోకుండా కూర్చున్నవాళ్లకే 3 కిలోల పైన. మీ స్నేహితుడి ఆరు నెలల గురించి నేనేమీ అనను. మీతో పోల్చుకోవాల్సిన మనిషి అతనేనా అన్నది మాత్రం ఆలోచించండి.

అయితే ఈ పెరుగుదల మామూలు హద్దు దాటి ఎన్నో రెట్లు ఎక్కించినప్పటి మాట. ఎవరికైనా 450 ఉందా 650 ఉందా అన్నదాన్ని బట్టి కండ పెద్దగా మారదు. వర్కౌట్ అయ్యాక కాసేపు పెరిగే హార్మోన్ల వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. ‘‘లెగ్స్ కొడితే హార్మోన్ రిలీజై చేతులు పెరుగుతాయి’’ అని జిమ్ముల్లో చెప్పుకుంటారే, అందుకు ఆధారం దొరకలేదు. ఏ కండను కష్టపెడితే ఆ కండే పెరుగుతుంది.

కోర్సు వల్ల పోయేవాటిలో, మీ విషయంలో అన్నిటికంటే ముందు లెక్కలోకి రావాల్సింది బిడ్డ. టెస్టోస్టిరాన్ మగతనాన్ని పెంచుతుంది కాబట్టి పిల్లలు పుట్టే అవకాశమూ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా తలకిందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మందును మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించింది! 1990లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం వారానికి 200 మిల్లీగ్రాములు తీసుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లోపే వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. జిమ్ కోర్సుల డోసు సాధారణంగా దానికి రెండు మూడు రెట్లు. ఆపాక తిరిగి వస్తాయి, ఎక్కువమందికి 6 నుంచి 12 నెలల్లో, కొందరికి రెండేళ్ల దాకా. అదైనా డాక్టర్ల పర్యవేక్షణలో ఒకే మందు, కొలిచిన డోసు తీసుకున్నవాళ్ల మాట.

ఇప్పుడు కోర్సు మొదలుపెడితే అది ముగిసేది మూడు నెలలకు. అక్కడి నుంచి ఏడాది ఖాళీ పోవచ్చు. ఆ ఏడాదిలో మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. పిల్లలు ఆలస్యమైతే మన ఇళ్లల్లో ముందు ఆసుపత్రికి తీసుకెళ్లేది కోడలినే. స్కానింగులు, హార్మోన్ మాత్రలు, గుళ్లలో మొక్కులు అన్నీ ఆమెకే. కారణం తెలిసిన మీరు పక్కన కూర్చుని నోరు మూసుకోవాల్సి వస్తుంది.

‘ఒక్క కోర్సే కదా’ అన్నారు. ఒక్కదానితో ఆగడం ఎందుకు కష్టమో కోర్సు మధ్యలో తెలియదు, అయిపోయాక తెలుస్తుంది. బయటి హార్మోన్ ఆగింది, లోపలిది ఇంకా మొదలవలేదు. ఆ కొన్ని నెలలు నీరసం, చిరాకు, కోరికలు చచ్చిపోవడం, వచ్చిన కండ కళ్లముందే కరిగిపోవడం. అప్పుడు మళ్లీ సూది వేసుకుంటే వారంలో హుషారు వస్తుంది. రెండో కోర్సు పుట్టేది అక్కడే. దీనికి తోడు మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పెరుగుతుంది, ఏళ్ల తరబడి వాడితే గుండె గోడలు మందమవుతాయి. మొటిమలు, జుట్టు రాలడం వీటి ముందు చిన్న విషయాలు.

ఇదంతా విన్నాక కూడా వేసుకుంటాననే హక్కు మీకుంది. అప్పుడు కనీసం వీర్యాన్ని ముందే ఫర్టిలిటీ సెంటర్‌లో భద్రపరచుకోండి, బీపీ, రక్తకణాలు, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు మొదటే చేయించి డాక్టరుకు అంతా చెప్పండి. కోర్సులో కండ కోసమని ఇన్సులిన్, ‘కటింగ్ కోసం’ (కొవ్వు కరిగించడానికి) అని థైరాయిడ్ మాత్రలు, క్లెన్ అనే క్లెన్‌బ్యుటెరాల్ మందు కలిపితే మాత్రం అక్కడే ఆపేయండి. డయాబెటిస్ లేనివాడు ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోయి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. థైరాయిడ్ మాత్ర కొవ్వుతో పాటు కష్టపడి పెంచిన కండనూ కరిగిస్తుంది, గుండె లయను చెడగొడుతుంది. గ్రోత్ హార్మోన్ ఖరీదుకు తగ్గ బలం ఇవ్వదు, పెరిగిన బరువులో నీరే ఎక్కువ. ఇంకో సంగతి, టెస్టోస్టిరాన్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా అమ్మడమే చట్టవిరుద్ధం. అలా వచ్చిన సీసాలో రాసినదే ఉందని పూచీ పడేవాళ్లు ఎవరూ ఉండరు.

సరిగ్గా చేసిన రెండు పరీక్షల్లోనూ నిజంగానే తక్కువ వస్తే? అప్పుడూ సూదే దారి కాదు. బిడ్డ కావాలనుకునే మగవాళ్లకు డాక్టర్లు టెస్టోస్టిరాన్ ఇవ్వరు. మీ వృషణాల చేతే పని చేయించే క్లోమిఫీన్, హెచ్‌సీజీ లాంటివి ఆలోచిస్తారు. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉందా తక్కువగా ఉందా అన్నదాన్ని బట్టి కారణం వెతుకుతారు.

నాకు కనిపిస్తున్న అసలు సంగతి నడుము దగ్గర ఉంది. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు, మీది 98. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేది అదే. పొట్ట కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. బరువు తగ్గితే టెస్టోస్టిరాన్ దానంతటదే పెరుగుతుంది. అంటే మీ విషయంలో హార్మోన్ తగ్గి పొట్ట రావడం కంటే, పొట్ట వల్ల, నిద్రలేమి వల్ల హార్మోన్ తగ్గడానికే అవకాశం ఎక్కువ.

మీరు రాసిన తిండి చూశాను. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి 2 గంటలకు ఆఫీసు బయట బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్, ఆదివారం చికెన్. ఆదివారం తప్ప ప్రొటీన్ రోజుకు 50 గ్రాములు దాటడం కష్టం. కండ పెరగడానికి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగపడుతుంది. మీరు చేరాలనుకునే 75 కిలోల లెక్కన 120 గ్రాములు. నాలుగు గుడ్లలో 24, ఎండు మీల్‌మేకర్ 50 గ్రాముల్లో 26, వండిన చికెన్ 150 గ్రాముల్లో 40 పైన, రెండు గ్లాసుల పాలో పెరుగో 14, మిగతాది ఇంటి పప్పు. 40 వేల కోర్సు డబ్బుతో ఇవన్నీ నెలల తరబడి వస్తాయి. బండి మీద ఫ్రైడ్ రైస్ బదులు ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లండి. ఆ ఒక్క మార్పుతోనే కేలరీల లోటు మొదలవుతుంది. వారానికి అర కిలోకు మించి తగ్గక్కర్లేదు.

అంతకంటే తొందరపడితే హార్మోన్లే ఎదురు తిరుగుతాయి. తిండి బాగా కోసేస్తే ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ను పోటీకి సిద్ధమయ్యే ఆరు నెలలూ గమనించి 2013లో ప్రచురించారు. అతని టెస్టోస్టిరాన్ 922 నుంచి 227కు దిగింది, పోటీ అయ్యాక మళ్లీ కోలుకుంది. జిమ్ గోడ మీద పోస్టర్‌లో కట్స్‌తో మెరిసే మనిషి ఆ రోజు మీకంటే మంచి హార్మోన్లతో ఉన్నాడనుకోకండి.

నిద్ర గురించి నేను చెప్పేదానికంటే మీ మేనేజర్ చేతిలో ఉన్నదే ఎక్కువ. షిఫ్టు మారడానికి అవకాశం ఉంటే జీతం కొంచెం తగ్గినా బేరం వేసి చూడండి. కుదరకపోతే చీకటి గదిలో, ఫోన్ బయట పెట్టి, ఒకే విడతగా 7 గంటలు. జిమ్ కోసం ఆ నిద్రను కొయ్యకండి, వారానికి మూడు నాలుగు రోజులు వెళ్లినా చాలు.

ఈ దారిలో ఏడాదికి రెండు మూడు కిలోల కండ పెరగడం, ఏడెనిమిది కిలోల కొవ్వు తగ్గడం, ఆశించదగినది అంతే. స్నేహితుడిలా కనిపించరు. అది ముందే ఒప్పుకుంటే సగం దిగులు పోతుంది.

ట్రైనర్‌కు కట్టిన 20 వేలు అడగండి, తిరిగివ్వకపోతే వదిలేయండి. ఆ డబ్బు పోయిందని మిగతా 20 వేలు కట్టడం తగదు. అతనితో గొడవ అక్కర్లేదు, ‘‘డాక్టరు వద్దన్నారు’’ అంటే సరిపోతుంది. అక్కడే కొనసాగితే రోజూ అదే మాట వినాల్సి వస్తుంది, ఇంకో జిమ్‌కు మారితే మొదట్లో కొత్తగా ఉంటుంది. ఏది తేలికో మీకే తెలుస్తుంది.

మీ ఆవిడకు చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా ఆ భయమే ఉంది. చెబితే కోపం వస్తుంది, డబ్బు దగ్గర మరీ వస్తుంది. చెప్పకపోతే వీర్య పరీక్ష రిపోర్టు ఎక్కడ దాస్తారు? బిడ్డ ప్రయత్నం కొన్ని నెలలు వాయిదా వేయమని డాక్టరు అంటే ఏ సాకు చెబుతారు? గడ్డ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లండి. సంగతి డాక్టరు నోటి నుంచి వస్తే సగం బరువు ఆయన మోస్తారు.

చెల్లెలి విషయంలో మాత్రం నేను రెండు దారులు చెప్పను. పీసీఓడీలో చాలామందికి మగ హార్మోన్లు ఇప్పటికే ఎక్కువగా ఉంటాయి, ముఖం మీద వెంట్రుకలకు, మొటిమలకు, నెలసరి తప్పడానికి అవే కారణం. అదే హార్మోన్‌ను పైనుంచి ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆడవాళ్లకు ‘సేఫ్ డోసు’ అని అమ్మే మాత్రలతో గొంతు బొంగురుపోతే, మందు ఆపినా పాత గొంతు తిరిగి రాదు. కడుపుతో ఉన్నట్టు తెలియని రోజుల్లో వేసుకుంటే లోపల ఆడపిల్ల ఉంటే ఆ బిడ్డ జననాంగాల మీద కూడా ప్రభావం పడుతుంది. ఆమె ఇప్పటికే ఏమైనా మొదలుపెట్టిందేమో ఈ రాత్రే అడగండి, మొదలుపెట్టి ఉంటే మీతో పాటే ఆ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పీసీఓడీకి బరువులెత్తడం చాలా మంచిది, జిమ్ మానిపించకండి.